నేరేడుపండు రంగు పట్టీ

ఏడో తరగతిలో నేనూ బడీ ఒకరినొకరం వదిలేసుకున్నాం. ముందు ఎవరు వదిలారన్నది ఇప్పటికీ తేలలేదు. సైన్సు పాఠాల్లో నాకు గట్టిగా గుర్తుండిపోయింది ఒక్కటే, బంగారం పసుప్పచ్చగా ఉంటుందని. బడి నాకిచ్చిన ఆస్తి మొత్తం అదే. తల సగం నెరిశాక, బూడిద ఇటుకల ఫ్యాక్టరీ షెడ్డులో, నా ఉమ్మి ఉన్న ప్లాస్టిక్ కప్పు చేతిలో పట్టుకుని నిలబడ్డ రోజున ఆ ఆస్తి కూడా పోయింది. బంగారం ఎర్రగా ఉంటుందట. నీలంగా కూడా మారుతుందట. ఆ రంగు మారితే మా ఇంటామె పని ఊడుతుందని మాత్రం ఏ సారూ చెప్పలేదు.

పాల్వంచ నుంచి భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఒక మిక్సరు, ఒక ప్రెస్సు, ఒక బోరు, ఓనరు కూర్చునే గది. కరెంటు ప్లాంటు నుంచి బూడిద లారీల్లో వస్తుంది. దానిలో ఇసుక, సిమెంటు, నీళ్ళు పోసి మిక్సరు తిప్పితే ముద్దగా అవుతుంది. దాన్ని మేము మాల్ అంటాం. మాల్ ప్రెస్సులో పోసి లివరు లాగితే ఇటుక పడుతుంది. కాల్చే పని లేదు. ఆరబెట్టి నీళ్ళు కొడితే చాలు. మాల్ పారతో ఎత్తి పోసేవాణ్ణి నేను. లివరు లాగేది మా ఇంటామె.

ఆ లివరు గురించి కొంచెం చెప్పాలి. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో అది మగవాళ్ళ పని. ఆడవాళ్ళు ఇటుకలు మొయ్యాలి, పేర్చాలి, నీళ్ళు కొట్టాలి. ఒకరోజు లివరు లాగే అతను బంధువుల పెళ్ళికని చెప్పకుండా మానేశాడు. ఎవరిని పెట్టాలా అని ఓనరు ఫోన్లు చేస్తూ తిరుగుతున్నాడు. ఈమె ఎవరినీ అడగలేదు. పోయి లివరు పట్టుకుంది. సాయంత్రానికి ఓనరు ఫోన్లు ఆపేశాడు. పెళ్ళికి పోయినతను తిరిగొచ్చేసరికి అతనికి నా పక్కన పార ఇచ్చారు. అంతకుముందు ఆమె చెయ్యని పని లేదు. చలికాలం పోయేటప్పుడు మిరపతోటల్లో కాయ ఏరేది, ఎండలు ముదిరితే బీడీలకు తునికాకు కోసేది, వానలు పడితే నాట్లు. ఏ పనికి పోయినా పదిమందిలో ఒకతె. వరసలో ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడాలి. ఈ లివరు దగ్గర మాత్రం ఆమె లేకపోతే పని ఆగుతుంది. టేకులపల్లి అవతల అడవిలో పుట్టిన మనిషి, పెళ్ళిలో కూడా అంత గర్వంగా నిలబడలేదు. పెళ్ళిలో పక్కన నేనున్నాను కాబట్టి ఆమెను తప్పు పట్టలేం.

బూడిద ఇటుకల పనిలో దుమ్ము తప్పదు. ముఖానికి గుడ్డ కట్టుకున్నా ముక్కులోకి, గొంతులోకి పోతుంది. దానికి మా దగ్గర ఒక మందుంది. బెల్లం. గనుల్లో చేసేవాళ్ళైనా, బూడిదలో చేసేవాళ్ళైనా ఈ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే. పని దిగేటప్పుడు బెల్లం ముక్క దవడకు పెట్టుకుంటే గొంతులో దుమ్ము దిగిపోతుందని నమ్మకం. నిజంగా దిగుతుందో లేదో దుమ్మునే అడగాలి. మా ఓనరు పిసినారితనంలో పేరున్నవాడే అయినా, పని దిగే వేళ గేటు దగ్గర మనిషికింత బెల్లం పెట్టిస్తాడు. మగవాళ్ళు చాలామంది కాగితంలో చుట్టి పిల్లలకు తీసుకుపోతారు. ప్రెస్సు చుట్టూ పనిచేసే ఆడవాళ్ళు మాత్రం అక్కడే దవడకు పెట్టుకుంటారు. బస్సు దిగేదాకా నెమ్మదిగా కరిగిస్తారు. నా పన్నొకటి పుచ్చిపోయింది. దానికి బెల్లం తగిలిందంటే పోయిన మా తాత కళ్ళ ముందుకొస్తాడు. అందుకని నా ముక్క కూడా మా ఇంటామెకే. పెళ్ళయినప్పటి నుంచి నేను క్రమం తప్పకుండా ఆమెకు ఇస్తున్న కానుక అదొక్కటే.

నాలుగైదేళ్ళ కింద, ఇప్పపూలు రాలడం మొదలైన రోజుల్లో, ఒక శనివారం గేటుకు ఫ్లెక్సీ కట్టారు. ఉచిత ఆరోగ్య శిబిరం అని రాసుంది. ఓనరు బొమ్మ తలుపంత వేయించుకున్నాడు. దండం పెడుతూ నవ్వుతున్నాడు. మాకు రోజూ కనిపించే ముఖంలో ఆ నవ్వు మేమెప్పుడూ చూడలేదు గనక, ముందు వేరే ఎవరో లీడరనుకున్నాం.

శిబిరం అంటే డాక్టర్లు, సూదులు వస్తాయని చూశాం. ఒక్క అమ్మాయి వచ్చింది, భుజానికి సంచీతో. ఏదో కాలేజీలో పరిశోధన చేస్తోందట. మాట తీరును బట్టి సత్తుపల్లి వైపు పిల్ల అనుకున్నాను, అడిగితే అవునంది. సంచీలోంచి చిన్న నల్ల పెట్టె, కాగితపు పట్టీలు, కప్పులు తీసి షెడ్డు నీడలో బల్ల మీద పరిచింది. పట్టీ చివర ఒక ఎర్ర చుక్క ఉంది, కుంకుమ నీళ్ళు అద్దినట్టు.

అదే బంగారమని ఆమె చెప్పినప్పుడు వరసలో ఉన్న ఆడవాళ్ళంతా ఒక్క అడుగు ముందుకు జరిగారు.

బంగారాన్ని కంటికి ఆననంత సన్నగా చేస్తే పసుపు పోయి ఎరుపు తేలుతుందట. ఆ నలుసులు విడివిడిగా ఉన్నంతసేపు ఎరుపు. ఒకదానికొకటి దగ్గరికి చేరితే వంగపండు రంగు, ఇంకా చేరితే నీలం. పట్టీలో ఇంకేదో మందు కూడా కలిపారట. ఉమ్మిలో చక్కెర ఎక్కువుంటే ఆ మందు బంగారు నలుసులను గుంపు కట్టిస్తుందట. ఎండలో ఒకలా, నీడలో ఒకలా కనపడి మన కళ్ళు మోసపోతాయి కాబట్టి పట్టీని పెట్టెలో పెడుతుంది. లోపల బల్బు. పెట్టె మీద ఫోను పెడితే కెమెరా రంగు చూసి చెబుతుంది. సూది లేదు, రక్తం లేదు, పెద్ద మిషన్లు లేవు. దవాఖానా దూరమున్న ఊళ్ళకు తక్కువ ఖర్చులో అయ్యేలా చేస్తున్నామని, ఇంకా పరీక్షల్లోనే ఉందని, దీంట్లో తేడా వచ్చినవాళ్ళు రక్తం కూడా చూపించుకుంటేనే ఖాయమని ఆమె అందరికీ వినపడేలా చెప్పింది. ఓనరు ఆ సమయంలో ఫొటోలు తీయించుకుంటున్నాడు. మొదటి సగమే విన్నాడు.

మాలో పెద్దదొకామె ఉంది. వరసకు నాకు పెద్దమ్మ. ఇటుకలు పేర్చే పని ఆమెది. పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బిడ్డా, గిసోంటియి ఎన్ని గలిపితే ముక్కుపుల్ల అయితది?"

"ఈ జిల్లాలో అందరివీ కలిపినా చీమ తలకాయంత రాదు పెద్దమ్మా," అందా అమ్మాయి నవ్వుతూ.

"అయితె ఇగో, నువ్వే ఉంచుకో," అని తిరిగి ఇచ్చేసింది పెద్దమ్మ.

అప్పటికే పని దిగాం, గేటు దగ్గర బెల్లం తీసుకున్నాం. నోరు పుక్కిలించి కప్పులో ఉమ్మి తెమ్మని, ఏమీ తినలేదు కదా అని ఆ అమ్మాయి అడిగింది. లేదన్నారు అందరూ. ఎవరూ అబద్ధమాడలేదు. ముఖానికి గుడ్డ కట్టుకోవడం ఎలా తిండి కాదో, దుమ్ముకు బెల్లం పెట్టుకోవడం కూడా మాకు అలాగే తిండి కాదు. ఆడవాళ్ళు బోరు దగ్గరికి పోయారు. దవడలోని బెల్లాన్ని అరచేతిలోకి తీసుకున్నారు. ఒక పుక్కిట నీళ్ళు పోసుకుని ఊశారు. కప్పులో ఉమ్మారు. బెల్లాన్ని మళ్ళీ లోపల పెట్టుకున్నారు. పారేసుకోవడానికి అదేమైనా ఓనరు ముఖమా? షెడ్డులో పట్టీలు సర్దుకుంటున్న ఆ అమ్మాయికి కప్పులు కనపడ్డాయి గాని బోరు కనపడలేదు.

నా పట్టీ ఎర్రగా ఉండిపోయింది. మగవాళ్ళలో చాలామందివి అంతే. ప్రెస్సు దగ్గరి ఆడవాళ్ళవి ఒక్కొక్కటే రంగు తిరిగాయి. కొన్ని వంగపండు రంగు, కొన్ని ఇంకా ముదురు. మా ఇంటామెది తొలకరికి అడవిలో రాలే నేరేడుపండు రంగుకు వచ్చింది. అందరికంటే ముదురు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఇంతమందికెలా ఉంటుంది, ఏదో తేడా ఉన్నట్టుంది, రక్తం చూడాలి, ఆ సామాను ఇవాళ తేలేదు, మళ్ళీ వస్తానని చెప్పి నాకు తన ఫోను నంబరిచ్చి చీకటి పడేలోపు బస్సెక్కింది.

బస్సు అటు పోయిందో లేదో, పట్టీ రంగు తిరిగినవాళ్ళు సోమవారం నుంచి రానక్కర్లేదని ఓనరు గేటు దగ్గర నిలబడి చెప్పాడు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో షుగరున్న మనిషి కళ్ళు తిరిగి మిషన్ మీద పడ్డాడట. కేసయిందట. ఎక్కడ, ఎవరు అంటే తెలియదు, విన్నాడంతే. ఆ భయం ఆయనకు నిజంగానే ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు ఒప్పుకోలేదు.

"సారు, ఆ మేడం రక్తం చూడాలన్నది గద," అన్నాను.

"చూపిచ్చుకోండ్రి. నేనొద్దన్ననా. చూపిచ్చుకొని బాగయినంక రండ్రి."

"షుగరు బాగయ్యే రోగం గాదు గద సారు."

"అదే నేనుగూడ అంటున్న."

ఆయన నా భుజం మీద చెయ్యేసి, నాది ఎరుపే కదా, నాకేం నొప్పి అని, సోమవారం పొద్దున్నే వచ్చి పని చేసుకోమని మంచిమాటలా చెప్పాడు. ఆ చెయ్యి బస్సు దిగేదాకా నా భుజం మీదే ఉన్నట్టనిపించింది.

బస్సులో ఆడవాళ్ళు గొడవగొడవగా మాట్లాడుకున్నారు. షుగరొస్తే కాళ్ళు తీసేస్తారని ఒకరు, కళ్ళు పోతాయని ఒకరు. కూసుమంచి వైపు ఎవరికో ఆకుపసరుతో షుగరు పోయిందని ఇంకొకరు. మా ఇంటామె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను రెండు మూడు జోకులు వేశాను. మామూలుగా నా జోకులకు నవ్వకపోయినా, నవ్వనని చూపించడానికైనా నా వైపు తిరుగుతుంది. ఆ సాయంత్రం తిరగలేదు.

ఆదివారం తెల్లవారుతుండగా ఇప్పపూలు ఏరడానికి పోయాం. రాలిన పూలు చెట్టు కింద తెల్లగా పరుచుకుని ఉన్నాయి. ఆమె వంగి ఏరుతోంది. నేను ఓనరును ఎన్ని రకాలుగా తిట్టవచ్చో ఒక్కొక్కటే వినిపిస్తున్నాను. నేను చాలా మంచి తిట్లకు వచ్చేసరికి ఆమె ఒక పువ్వు నోట్లో వేసుకుని అలాగే ఆగిపోయింది.

"నీకు ఎర్రగెందుకొచ్చింది?" అంది.

"మంచోన్ని గనక."

"మొఖం జూసుకో. ఒక్క కుండల వండింది ఇద్దరం తింటున్నం. నేను తినేది, నువ్వు తిననిది ఏందో చెప్పు."

నేను చెప్పేలోపు ఆమే తన అరచెయ్యి చూసుకుంది. నిన్న బోరు దగ్గర బెల్లం పెట్టుకున్న చెయ్యి. నోట్లో ఇప్పపువ్వు తీపి ఇంకా ఉన్నట్టుంది. నాలుకతో దవడ తడుముకుంది.

"నీ ముక్క గూడ నేనే తిన్న," అంది. "గందుకే నాది అందరికంటె నల్లగైంది."

ఫోను కలవాలంటే మా ఊరి నుంచి రోడ్డు మలుపు దాకా నడవాలి. నడిచాం. ఆ అమ్మాయికి బెల్లం సంగతి చెబితే, ఎవరెవరు పెట్టుకున్నారో అడిగి తెలుసుకుంది. తర్వాత, పొద్దున పరగడుపున చేద్దామనే తాను అడిగానని, పని గంటలు పాడవుతాయని ఓనరే సాయంత్రం పెట్టించాడని చెప్పింది. నోట్లో ఏముందో తానే దగ్గరుండి చూడాల్సిందని కూడా అంది. పని మాన్పించిన సంగతి చెప్పగానే ఆమె గొంతు మారింది.

"ఆ పట్టీ చూసి పనిలోంచి తీసేశారా? ఎవరు తియ్యమన్నారు అన్నా?"

"ఫ్లెక్సీ మీదున్న సారు."

సోమవారం మొదటి బస్సుకే వస్తానంది. ఎవరూ ఏమీ తినకూడదు, తాగకూడదు, నోట్లో ఏమీ పెట్టుకోకూడదు అని మరీ మరీ చెప్పింది. ఆ మాట ఇంటింటికీ తిరిగి చెప్పే పని నాకు పడింది. మిషన్ అబద్ధం చెప్పింది, సోమవారం దాని సంగతి తేలుస్తాం అని ప్రతి గుమ్మంలోనూ ప్రకటించాను. ఎన్నికల్లో నిలబడ్డవాడిలా తిరిగాను. డబ్బులు కాకుండా ఒట్టి తిట్లే పంచాను గనక ఎవరూ నమ్మకపోవడానికి కారణం లేదు.

సోమవారం పొద్దున మా బస్సంత నిశ్శబ్దమైన బస్సును నేనెప్పుడూ చూడలేదు. జావ తాగకుండా బయల్దేరిన ఆడవాళ్ళతో జోకులాడేంత ధైర్యం నాకు కూడా లేదు. గేటు బయట కల్వర్టు మీద ఆ అమ్మాయి అప్పటికే పెట్టె పెట్టుకుని కూర్చుంది. ఈసారి రక్తం చూసే చిన్న మిషన్ కూడా తెచ్చింది. ఒక్కొక్కరి నోరూ తానే తెరిపించి చూసింది, సంతలో ఎద్దుల పళ్ళు చూసినట్టు. పెద్దమ్మ నోరు చూసినప్పుడు మాత్రం చూడడానికి పళ్ళే లేవు.

ఓనరు బండి దిగి వచ్చి గేటుకు ఆనుకుని నిలబడ్డాడు. బెల్లం సంగతి ఆ అమ్మాయి చెబితే విన్నాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. శనివారం రాత్రి నుంచి ప్రెస్సు దగ్గరికి వేరే మనుషుల కోసం వెతుకుతున్నాడని, ఇంకా దొరకలేదని మిక్సరు తిప్పే అతను అంతకుముందే నా చెవిలో వేశాడు.

మొదటి పట్టీ పెద్దమ్మది. ఎర్రగా ఉండిపోయింది. రెండోది ఎరుపు. మూడోది ఎరుపు. ఒక్కో పట్టీకీ నేను ఓనరు వైపు చూసి తల వంచి దండం పెడుతున్నాను, ఆయన ఫ్లెక్సీ మీద పెట్టినట్టే. నాలుగైదు అయ్యేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. మనుషులు దొరికినట్టే కదా. లోపలికి తిరిగి మిక్సరు వెయ్యమని అరిచాడు. బూడిద, సిమెంటు, నీళ్ళు పడ్డాయి. మిక్సరు తిరగడం మొదలైంది. శనివారం రంగు తిరిగినవాళ్ళలో అప్పటిదాకా చూసినవాళ్ళందరివీ ఇవాళ ఎరుపే.

మా ఇంటామె కావాలనే చివర నిలబడింది. ఆమె పట్టీ మెల్లగా రంగు తిరిగింది. శనివారమంత ముదురు కాదు గాని, అది ఎరుపు కాదని చెప్పడానికి పెట్టె కూడా అక్కర్లేదు. ఆ అమ్మాయి ఇంకో పట్టీ వేసింది. అదీ అంతే. వేలిమీద పొడిచి రక్తం చుక్క తీసి చూసింది. ఆ అంకెను పుస్తకంలో రాసుకుంది.

"బెల్లం గాదా?" అడిగింది మా ఇంటామె.

"పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అక్కా?"

"నీళ్లు గూడ తాగలే."

"అయితే షుగర్ ఉన్నట్టే. భయపడాల్సినంత కాదు. పెద్ద దవాఖానాలో చూపించుకుంటే మాత్రలు రాస్తారు, అదుపులో ఉంటుంది. లివర్ లాగొచ్చు, అన్ని పనులూ చేసుకోవచ్చు."

"సరే," అంది మా ఇంటామె. ఆ ఒక్క మాటే.

నేనేమో ఆదివారమంతా ఊరు తిరిగి మిషన్ అబద్ధమన్నవాణ్ణి. ఇప్పుడదే మిషన్ నిజం చెప్పింది, నా ఇంటి మనిషి గురించే. ఎవరిని తిట్టాలో తెలియక ఓనరు వైపు చూశాను. ఆయన ముఖంలో గెలిచిన సంతోషమేమీ లేదు. తొందర ఉంది. మిక్సరు తిరుగుతోంది.

ఆమె ఒక్కతె ఆగిపోవాలన్నాడు. మిగిలినవాళ్ళంతా జల్దీ లోపలికి నడవాలన్నాడు. పని చేసుకోవచ్చని ఆ అమ్మాయి చెప్పబోతే, రేపు ఏమన్నా అయితే నువ్వొచ్చి చూస్తావా మేడం అన్నాడు.

అప్పుడు నాకొకటి తట్టింది. బంగారం అక్కర్లేకుండా, పెట్టె అక్కర్లేకుండా మా ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిన విషయం అది.

"సారు, మీరు చాయ్‌ల చక్కెర ఎందుకేస్కోరు?"

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన గదిలో బల్ల మీద మాత్రల డబ్బా ఉంటుంది. చాయ్ తెచ్చే ప్రతిసారీ పక్కన నీళ్ళ గ్లాసు కూడా తేవాలి.

"నాది వేరు," అన్నాడు.

"ఏం వేరు సారు?"

"నేను మిషన్ కాడ ఉంటనారా?"

"ఉండరు. మా నెత్తి మీద ఉంటరు. పడితె మా మీదనే పడ్తరు. మరి మిమ్ముల్ని ఎవరు ఇంటికి తోలాలె?"

ఆడవాళ్ళు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వు దాచుకోవడానికి సంచీలో ఏదో వెతికింది. ఓనరు ముఖం మాత్రం ఎర్ర పట్టీలా అయింది. నోరు ఎక్కువైతే నాకూ లోపల పనుండదని నా వైపు వేలు చూపించాడు. పార మోసే చెయ్యి నాది, ఆ చేతికి ఎక్కడైనా పని దొరుకుతుంది, పొమ్మంటే పోతానన్నాను. ఆ మాట ఎంత ధైర్యంగా అన్నానో అంత ధైర్యం నాకు లేదు. అనేశాక వచ్చింది.

అంతలో పెద్దమ్మ మా ఇంటి భాషలో ఆడవాళ్ళతో ఏదో అంది. అడవిలో మా ఊళ్ళవాళ్ళం మాలో మేము మాట్లాడుకునే భాష అది, ఓనరుకు ఒక్క ముక్క రాదు. ఆమె గొంతు పెంచలేదు. వానొచ్చేలా ఉంది, బట్టలు తియ్యండి అన్నంత మామూలుగా చెప్పింది. చెప్పి మా ఇంటామె చెయ్యి పట్టుకుని, గేటు బయటున్న ఇసుక కుప్ప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళంతా ఆమె పక్కన చేరారు. మా ఇంటామె తప్ప అందరూ ఎర్ర పట్టీ వచ్చినవాళ్ళే. లోపలికి పోతే ఎవరూ ఆపేవాళ్ళు లేరు.

"ఏమన్నదిరా ఆమె?" అన్నాడు ఓనరు.

"కాళ్లు గుంజుతున్నయంట సారు. జెరసేపు కూసుంటరంట."

పెద్దమ్మ నిజంగా అన్నది వేరు. ఈమెను గేటు బయట వదిలి మీరు లోపలికి పోతే, రేపు నా వంతు వచ్చినప్పుడు కూడా ఇలాగే పోతారు, కాబట్టి కూర్చోండి అంది. అంతకంటే మంచి ఉపన్యాసం నేను వినలేదు. పకోడీల పొట్లం కాగితాల్లో నేతల ఉపన్యాసాలు చాలా చదివాను.

మగవాళ్ళు షెడ్డు దగ్గర అటూ ఇటూ కాకుండా నిలబడ్డారు. అంతకుముందు పెళ్ళికి పోయి లివరు పోగొట్టుకున్నతను కూడా వాళ్ళలో ఉన్నాడు. ఓనరు అతన్ని పిలిచి, పోయి లివరు పట్టుకోమన్నాడు. అతను లివరు వైపు చూశాడు, ఇసుక కుప్ప వైపు చూశాడు. చెయ్యి బెణికింది సారు అన్నాడు. పొద్దున బస్సులో కడ్డీకి వేలాడుతూ వచ్చిన చెయ్యే అది.

మిక్సరు చప్పుడు మారింది. మా పనిలో ఉన్నవాళ్ళకు ఆ చప్పుడు చెప్పక్కర్లేదు. మొదట్లో గలగలమంటూ తిరిగే మాల్, సిమెంటు పట్టే కొద్దీ బరువెక్కి మూలుగుతుంది. ఆ లోపలే తీసి ప్రెస్సులో పడెయ్యాలి. ఆలస్యమైతే ఇటుక నిలవదు. ఇంకా ఆలస్యమైతే మాల్ మిక్సరులోనే రాయవుతుంది, గునపాలతో కొట్టి తియ్యాలి. నీళ్ళు పోసి పలచన చేద్దామంటే బలముండదు. మిక్సరు అతను తల బయటపెట్టి, బిగుస్తోంది సారు అని అరిచాడు. ఓనరు రోడ్డు వైపు చూశాడు. ఆయన వెతికిన మనుషులు ఎవరూ రావడం లేదు. భద్రాచలం పోయే బస్సొకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

ఇంకోసారి అరుపు వినపడింది. ఓనరు చేత్తో ముఖం తుడుచుకున్నాడు.

"సరే రండ్రి. ఆమె గూడ రానీ."

అందరూ లేవబోయారు. మా ఇంటామె లేవలేదు. ఇసుకలో కాళ్ళు చాపుకుని అలాగే కూర్చుంది.

"సారు, రేపు నేను దవాఖానకు పోవాలె," అంది.

"పోయి రా. ఎవరొద్దన్నరు."

"హాజరెయ్యాలె. కూలి కొయ్యద్దు."

మిక్సరు మూలిగింది. ఓనరు తలూపాడు.

"ఇంకెవ్వరికి గిట్ల వచ్చినా పని తియ్యద్దు."

ఓనరు మళ్ళీ తలూపాడు, ఈసారి ఇంకా తొందరగా.

"నోటితోని చెప్పుండ్రి సారు. తలకాయ ఊపితె నాకు కనవడదు. కండ్లల్ల బూడిద పడ్డది."

ఆమె కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఆయన కళ్ళలోకే చూస్తున్నాయి. నేను ఇన్నేళ్ళుగా నా నోటితో తెచ్చుకున్న పేరంతా ఆ ఒక్క మాట ముందు తేలిపోయింది. ఓనరు ఒకసారి ఆ అమ్మాయి వైపు, ఒకసారి పెద్దమ్మ వైపు చూశాడు. ఆ తర్వాత ఇసుక కుప్పకు వినపడేంత గట్టిగా అన్నాడు.

"ఎవ్వరికొచ్చినా పని తియ్య. హాజరేస్త. సరేనా?"

"అవ్," అంది మా ఇంటామె.

చీరకంటిన ఇసుక దులుపుకుని లేచింది. ముఖానికి గుడ్డ బిగించి కట్టుకుంది. గేటులోంచి ముందు ఆమె నడిచింది, వెనక పెద్దమ్మ, ఆ వెనక మిగిలినవాళ్ళు. ఆ అమ్మాయి కల్వర్టు మీద నుంచి లేచి నిలబడి చూస్తోంది. మాల్ అప్పటికే సగం బిగిసింది. లివరు మామూలు కంటే గట్టిగా లాగాల్సి వచ్చింది. రెండు చేతులూ వేసి, ఒళ్ళంతా బరువు పెట్టి లాగింది. మొదటి ఇటుక అంచు విరిగి పడింది. రెండోదీ అంతే. మూడోది నిలబడింది.

ఆమె తలెత్తి చూసింది. నేనింకా గేటు దగ్గరే నిలబడి ఓనరును చూస్తూ నవ్వుకుంటున్నాను.

"ఏందయ్యా, మాల్ ఎవరు పోస్తరు?" అంది.

నేను పార కోసం పరుగెత్తాను.